వెనుక ఇరుసులోని అంకె

పికప్పు వాహనము కొనబోవు రైతు గాని వ్యాపారి గాని అమ్మకపు బల్ల యెదుట కూర్చుండి అడుగు ప్రశ్నలు ఇంచుమించు ఒకే వరుసలో నుండును: ముందుగా ఎంత కట్టవలెను, నెలకు వాయిదా ఎంత, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చును, ఎన్ని క్వింటాళ్లు మోయును, తెల్లరంగు బండి ఉన్నదా లేదా. వెనుక ఇరుసులోని క్రౌను చక్రమునకు పళ్లెన్ని, దానిని త్రిప్పు పినియనుకు పళ్లెన్ని అని అడిగినవానిని నేనెరుగను. అడిగినను, వెంటనే బదులు చెప్పగలవాడు బల్లకు ఆవలివైపున ఉండుట అరుదు. అయినను ఆ వాహనము తన ఆయుష్కాలమంతయు ఏ బరువును ఎంత సులభముగా ఈడ్చునో, ఏ వేగమున ఎంత డీజిలు త్రాగునో, క్లచ్చి పలకలను ఎన్నాళ్లకొకసారి మార్పించునో నిర్ణయించు విషయములలో ఆ రెండు సంఖ్యల భాగహారము మొదటి వరుసలోనిది.

ఇంజనులో పుట్టిన భ్రమణము క్లచ్చి గుండా గేరుపెట్టెలోనికి, అందుండి ప్రొపెల్లరు షాఫ్టు అను పొడవైన కడ్డీ గుండా వెనుకకు పోయి, వెనుక చక్రముల నడుమ గుమ్మడికాయ వలె ఉబ్బి కనబడు హౌసింగులో ప్రవేశించును. అచ్చట కడ్డీ చివరనున్న చిన్న పినియను, పెద్దదగు క్రౌను చక్రమును త్రిప్పుచుండును. పినియనుకు 10 పళ్లును, క్రౌనుకు 41 పళ్లును ఉన్నచో, కడ్డీ నాలుగు చుట్లును పైన దశాంశము ఒకటియు తిరిగినగాని చక్రము ఒక్క చుట్టు తిరుగదు, దీనినే 4.1 నిష్పత్తి అందురు. పినియనుకు 8, క్రౌనుకు 39 అయినచో నిష్పత్తి 4.875 అగును, వ్యవహారములో 4.88 అనుట వాడుక. అంకె పెరిగినకొలది చక్రము మెల్లగా తిరుగును. మెల్లగా తిరిగిన మేరకు దాని త్రిప్పుడుబలము, అనగా మన మేస్త్రీలు టార్కు అని వ్యవహరించునది, హెచ్చును. ఈ బేరములో లాభము లేదు, ఘర్షణ వలన పోవు కొద్దిపాటి నష్టము తప్ప వేరు నష్టమును లేదు. ఇంజను సామర్థ్యము ఎంతయో అంతే. దానిని వేగముగా ఖర్చు పెట్టుటయా, బలముగా ఖర్చు పెట్టుటయా అన్నదే ఇరుసు తేల్చు విషయము.

ఒకే ఇంజను, ఇరుసు మార్పుతో రెండు భిన్నజాతుల వాహనములుగా మారిన చరిత్ర మోటారు బండ్ల బాల్యముననే కలదు. హెన్రీ ఫోర్డు వారి మాడల్ టి కారులో క్రౌనుకు 40, పినియనుకు 11 పళ్లు, అనగా నిష్పత్తి 3.64. ఆ కారు ఇంజను ఇరువది గుర్రపుబలము గలది. 1917లో అదే సంస్థ అదే ఇంజనును ఉంచి, చట్రమును పొడిగించి, వెనుక ఇరుసులో పళ్లచక్రములకు బదులు మరచుట్టు వంటి వర్మును అమర్చి, 7.25 నిష్పత్తితో మాడల్ టీటీ అను, టన్ను బరువు మోయు లారీని విడుదల చేసెను. నిష్పత్తి సుమారు రెండింతలగుటచే ఈడ్చు బలము సుమారు రెండింతలయ్యెను, వేగము సగమునకు పడిపోయెను. ఆ నడక మరీ మందమని తోచినవారికి 5.17 నిష్పత్తి గల ఇరుసును కూడ కంపెనీయే అమ్మెను. అనగా ‘నీ బరువేది, నీ దారియేది’ అను ప్రశ్నను కొనువాని యెదుట ఉంచుట నూరేండ్లకు పూర్వమే ప్రారంభమైనది.

మనకు మరింత సమీపమైన ఉదాహరణము జీపు. రెండవ ప్రపంచయుద్ధమున సైన్యము వాడిన విల్లీసు జీపు ఇరుసు నిష్పత్తి 4.88. యుద్ధము ముగిసిన 1945లో ఆ సంస్థ రైతులను ఉద్దేశించి సీజే-2ఏ అను జీపును తయారుచేసినపుడు, అదే ఇంజనుకు 5.38 నిష్పత్తి, అనగా 43కు 8 పళ్లు అమర్చెను. ఏలయన సైనికుడు పరుగెత్తవలెను, రైతు నాగలిని, బండిని లాగవలెను. స్వాతంత్ర్యానంతరము బొంబాయిలో మహీంద్రా వారు కూర్చి అమ్మిన జీపులు ఈ విల్లీసు వంశములోనివే. వాటికి వెనుక చిన్న ట్రైలరు తగిలించి ఎరువుల బస్తాలను, పీపాలను, పెండ్లివారిని సైతము మోయించిన రోజులు రాయలసీమ పల్లెలలో వృద్ధులకు జ్ఞాపకమే. ఆ బండి గంటకు అరువది కిలోమీటర్లు దాటగానే అరచినట్లు మ్రోగుచుండెనని అందరును తిట్టిరి గాని, ఆ మ్రోత మోతబరువు లాగుటకు చెల్లించిన వెలయని గుర్తించినవారు కొద్దిమంది.

ఇక ఈ నిష్పత్తులను పరీక్షించి చూచుటకు రాయలసీమలోనే ఆదోని, ఎమ్మిగనూరు సీమకు వత్తము. 1800లో నిజాము వలన ఆంగ్లేయులకు సంక్రమించిన దత్తమండలములలో భాగమై, తరువాత బళ్లారి జిల్లాలోనుండి, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రావతరణముతో కర్నూలు జిల్లాలో చేరిన ఈ ప్రాంతము ప్రధానముగా నల్లరేగడి మైదానము. నడుమ నడుమ ఆదోని కోటకొండల వంటి నల్లరాతి గుట్టలు తలలెత్తియుండును. తుంగభద్ర దిగువకాలువ నీరు చేరిన మేర మినహాయించినచో తక్కినది వానకు ఎదురుచూచు నేల. పండునది పత్తి, పిమ్మట ఈ సీమవారు బుడ్డలని పిలుచు వేరుశనగ. ఆదోని మార్కెట్టు యార్డు ఆంధ్రదేశపు పెద్ద పత్తి విపణులలో ఒకటి. చుట్టుపట్ల జిన్నింగు మిల్లులలో గింజ వీడిన దూది 170 కిలోల బేళ్లుగా బిగింపబడును. ఇచ్చటికి ముప్పది కిలోమీటర్ల లోపుననున్న ఎమ్మిగనూరిలో 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన నేతపనివారి సహకార సంఘము మూలమున ఆ ఊరి దుప్పట్లు, తువాళ్లు దేశమంతట పేరు పొందినవి. కావున ఈ రెండు ఊళ్ల నడుమ రోడ్డుపైన ఒకే సరుకు మూడు రూపములలో ప్రయాణించును: చేనినుండి వదులుగా ఉబ్బిన పత్తియై, మిల్లునుండి రాయివలె బిగిసిన బేలై, మగ్గమునుండి మడతపెట్టిన బట్టయై. మూడింటికిని బరువు, ఘనపరిమాణము వేర్వేరు. ఇరుసును అవి పెట్టు పరీక్షలును వేర్వేరు.

ఒక ఊహాపికప్పును తీసికొని లెక్కవేయుదము. సరుకుతో కూడ దాని బరువు 3,000 కిలోలు. వెనుక తగిలించిన ట్రైలరు, సరుకుతో కలిపి 2,000 కిలోలు. (ట్రైలరు చట్టరీత్యా వేరొక వాహనము, దాని నమోదు దానికి వేరుగా ఉండవలెనని, బండి తయారీదారు ఎంత బరువు లాగవచ్చునన్నాడో అంతకు మించరాదని ఇచ్చట చెప్పి ముందుకు పోవుదము.) ఇంజను టార్కు 200 న్యూటను-మీటర్లు, మొదటి గేరు నిష్పత్తి 4, టైరు వ్యాసార్ధము 35 సెంటీమీటర్లు, పళ్ల ఘర్షణలో నూటికి పది వంతులు నష్టమనుకొందము. ఇరుసు 4.1 అయినచో చక్రములు నేలను త్రోయు బలము సుమారు 860 కిలోలకు సమానము, 4.88 అయినచో సుమారు 1,020 కిలోలు.

ఇంత బలము ఎక్కడ అవసరము? చదునైన తారురోడ్డుపైన ఈ ఐదు టన్నులను దొర్లించుటకు 60 కిలోల బలము చాలును. అచ్చట రెండు ఇరుసులును విలాసముగా నడచును. కాని సరుకు తారురోడ్డున పుట్టదు. పత్తి తీసిన చేనిలో మెత్తని దుక్కిపై చక్రములు దిగబడునపుడు దొర్లుడు నిరోధము బరువులో పదవవంతు, అనగా 500 కిలోలు, సునాయాసముగా చేరును. చేనినుండి గట్టెక్కి రోడ్డు చేరు చోట పండ్రెండడుగులకు అడుగు చొప్పున ఎత్తున్నచో గురుత్వము మరి 415 కిలోలు అడుగును. మొత్తము 915. మొదటి ఇరుసు గల బండి ఈ గట్టు మీద ఆగిపోవును. రెండవ ఇరుసు గలది మూల్గుచు ఎక్కును. దినమంతటి ప్రయాణములో ఈ గట్టు ఒక్క నిమిషపు వ్యవహారమే, కాని ఆ నిమిషము గడవనిదే తక్కిన దినము ప్రారంభమే కాదు. కావుననే ఇరుసును ఎన్నుకొనువాడు తాను ఎక్కువ దూరము నడచు దారిని గాక, తన బరువు ఎక్కడనుండి కదలవలెనో ఆ తావును ముందుగా తలచుకొనవలెనని నా అభిప్రాయము.

అయితే ఈ లెక్కకు ఒక గట్టి హద్దు కలదు, దానిని ఇరుసుల గొప్ప చెప్పువారు తరచు మరచుచుందురు. చక్రము నేలను త్రోయగల బలము, దానిపైనున్న భారమును, నేలపట్టును మించజాలదు. మన పికప్పు వెనుక చక్రములపై 1,800 కిలోల భారమున్నదనుకొందము. ఎండి గట్టిపడిన నేలపై పట్టు అందులో పది వంతులకు ఆరు, అనగా 1,080 కిలోలు, 4.88 ఇరుసు ఇచ్చు బలమంతయు సద్వినియోగమగును. రాత్రి ఒక వాన కురిసినదా, నల్లరేగడి జిడ్డువలె మారి, పట్టు పది వంతులకు మూడుకు పడిపోవును. 540 కిలోలు దాటిన బలమంతయు చక్రమును ఉన్నచోట గిరగిర త్రిప్పి గోతిని త్రవ్వుటకే ఖర్చగును. అప్పుడు 4.1 ఇరుసు, 4.88 ఇరుసు రెండును సమానముగా నిరర్థకములు. ఆ దినమున కావలసినది ట్రాక్టరు, లేదా ఓపిక.

ఇందుండియే మోయుటకును లాగుటకును గల భేదము బయల్పడును. వీపున వేసికొన్న సరుకు చక్రములను నేలకు అదిమి పట్టును పెంచును; ట్రైలరులోని సరుకు నిరోధమును మాత్రము పెంచి పట్టునకు తోడ్పడదు. రెండు చక్రముల ట్రైలరులో బరువును కొంత ముందునకు జరిపి పేర్చినచో, ఆ మేరకు కొక్కెము ద్వారా లాగు బండి వెనుక భాగముపై భారము పడి పట్టు పెరుగును. నాలుగు చక్రముల ట్రైలరు తన భారమంతయు తానే నేలపై మోపును గనుక ఈ సహాయము చేయదు. బరువును వెనుకకు పేర్చినచో కొక్కెము పైకెగసి వెనుక చక్రములు తేలికపడుటయేగాక ట్రైలరు తోకవలె ఊగుట ఆరంభించును. ఏ ఇరుసును దీనికి మందు కాదు.

రెండవ పరీక్షాస్థలము ఆదోని యార్డు ద్వారము. పత్తి ముమ్మరముగా వచ్చు దినములలో ట్రాక్టర్లు, పికప్పులు, ఆటోలు, లారీలు తోకకు తోక తగిలించుకొని, నాలుగు గజములు కదలి ఆగుచు, మరల నాలుగు గజములు కదలి ఆగుచు ఉండును. ఇచ్చట లోపము బలములో గాక క్లచ్చిలో బయటపడును. ఆగిన బండిని కదల్చునపుడు, ఇంజను తిరుగుచుండగా చక్రములు నిలిచియుండుటచే, రెండును ఏకవేగమునకు వచ్చువరకు క్లచ్చి పలకలు ఒకదానిపైనొకటి జారి వేడెక్కును. ఇంజను నిమిషమునకు 1,200 చుట్లు తిరుగుచున్నచో, 4.1 ఇరుసుతో బండి గంటకు 9.7 కిలోమీటర్ల వేగము అందుకొన్నగాని ఆ జారుడు ఆగదు, 4.88తో 8.1 కిలోమీటర్లకే ఆగును. వేడి ఈ వేగము యొక్క వర్గమును అనుసరించును గనుక, మొదటి బండి క్లచ్చి ప్రతి కదలికకును నూటికి నలువది వంతులు అధికముగా కాలును. ఒక కదలికలో ఇది గణ్యము కాదు. పూటంతయు వరుసలో నిలిచి జరుగుచుండు బండిలో మాడువాసన డ్రైవరు ముక్కునకు సోకుటకు చాలును. వాసన వచ్చినవెంటనే ‘కొత్త క్లచ్చి నాసిరకము’ అని నిందించుట మన వాడుక.

గట్టు దాటి, వరుస దాటి, తారురోడ్డు చేరిన పిమ్మట లెక్క తారుమారగును. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు; గంటకు 60 కిలోమీటర్ల వేగమున చక్రము నిమిషమునకు 455 చుట్లు తిరుగును. గేరుపెట్టె నాలుగవ గేరులో ఏ మార్పును చేయక భ్రమణమును ఉన్నదున్నట్లు పంపునదైనచో, ఇంజను 4.1 ఇరుసుతో 1,860 చుట్లు, 4.88తో 2,220 చుట్లు తిరుగవలెను. చిన్న డీజిలు ఇంజనులలో పెక్కింటికి టార్కు నిండుగా నుండునది సుమారు 1,500 మొదలు 2,200 చుట్ల వరకు. అనగా మొదటిది నడుమ కూర్చుండినది, రెండవది అంచున నిలిచినది. వేగము 80కి పెంచినచో 4.88 ఇరుసు ఇంజనును 2,960 చుట్లకు తరుమును. లోపలి ఘర్షణ పెరిగి, ఆ మేరకు డీజిలు వృథాయగును.

ఇదే రోడ్డున గాలిని గూర్చియు రెండు మాటలు చెప్పవలెను, ఏలయన పత్తిబండిని ఆపునది నేలకంటె గాలియే. రాతిపలకలు వేసిన ట్రైలరు బరువుగా, పొట్టిగా ఉండును. పత్తి నింపినది తేలికగా నుండి, పక్కలకు పొంగి, క్యాబిను తలమీదుగా లేచి నిలుచును. సాధారణమైన ఎత్తు గల బండికి 60 వేగమున గాలి నిరోధము 50 కిలోల ప్రాంతమున ఉండును. పత్తి పొంగిన కొలది అది 75 దాటుటలో ఆశ్చర్యము లేదు. పైగా అది వేగమునకు వర్గముగా పెరుగును: 60 నుండి 80కి పోయినచో ఒకటికి ముప్పాతిక వంతులు చేరును. కాబట్టి పత్తిబండి డ్రైవరుకు డీజిలు మిగుల్చుటకు ఇరుసు మార్పు కంటె 80 నుండి 60కి దిగుట ఎన్నోరెట్లు మేలు, మరియు అది ఉచితము.

పై గేరులోనే ఎంతటి ఎత్తు ఎక్కగలదన్నది వేరొక ప్రశ్న. మన ఐదు టన్నుల బండి 60 వేగమున దొర్లుడుకు, గాలికి కలిపి 110 కిలోలు చెల్లించినపిమ్మట, 4.1 ఇరుసుతో మిగులునది 105 కిలోలు. దానితో 48 అడుగులకు అడుగు చొప్పున ఎత్తు వరకు గేరు మార్చక ఎక్కును. 4.88తో మిగులునది 145 కిలోలు. 34 అడుగులకు అడుగు ఎత్తు ఎక్కును. ఈ మైదానపు రోడ్లలో వంకలు దిగి ఎక్కుచోట్ల, వంతెనల మెరకల వద్ద ఈ భేదము చేతికి తెలియును: ఒకడు గేరు దించుచు ఎక్కించుచు పోవును, రెండవవాడు చేయి కదల్పక పోవును. అయిదవ గేరు 0.8 నిష్పత్తి గలదై ఉన్న గేరుపెట్టె అయినచో 4.88 ఇరుసుపై నేరారోపణ మిక్కిలి తగ్గును. ఆ గేరులో రెండింటి గుణకారము 3.9 అగును గనుక, బరువు దింపి ఖాళీగా తిరిగివచ్చునపుడు ఇంజను 60 వేగమున 1,770 చుట్లతో తృప్తిపడును. అదే గేరుతో 4.1 ఇరుసు 1,490 చుట్లకు దిగజారి, చిన్న మెరకకే నీలుగును. కనుక అయిదు గేర్ల బండిని ట్రైలరు లాగుటకే కొనువాడు పెద్ద అంకెవైపు మొగ్గుటయే ఉచితమని నేను తలచెదను; నాలుగు గేర్లతో ఆగిన పాతబండికి, అందును ఎక్కువకాలము ఖాళీగా తిరుగు దానికి, అదే సలహా చెప్పుటకు సందేహించెదను.

ఈ లెక్కలన్నింటిలోను మౌనముగా పాల్గొన్నది టైరు. చట్రము ఎత్తుగా కనబడవలెననియో, దొరికినవి అవేననియో పదవవంతు పెద్ద టైర్లు బిగించినచో, 4.1 ఇరుసు పనిలో 3.73గా మారిపోవును, స్పీడోమీటరు 60 చూపునపుడు బండి 66 మీద ఉండును, బండికి బలము తగ్గినదని మేస్త్రీ వద్దకు పోయినవాడు ఇంజను విప్పించుకొని వచ్చును. అమెరికాలో పెద్ద పికప్పులు కొనువారు 3.55, 3.73, 4.10 అను అంకెలలో ఒకదానిని కోరి తీసికొందురు. మనవారు తెలియకయే టైరు దుకాణములో ఆ మార్పును చేయించుకొనుచున్నారు.

తన బండిలో ఉన్నది ఏ నిష్పత్తియో తెలిసికొనుటకు హౌసింగు విప్పనక్కరలేదు. ముందుచక్రములకు రాళ్లు అడ్డము పెట్టి, గేరు న్యూట్రలులో నుంచి, వెనుక ఒక చక్రమును మాత్రము జాకీతో లేపవలెను. టైరుపై ఒక సుద్దగీత, క్రింద ప్రొపెల్లరు షాఫ్టుపై ఒక సుద్దగీత గీచి, చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుచుండగా మరియొకడు క్రింద కూర్చుండి షాఫ్టు చుట్లను లెక్కించును. ఇచ్చట కొత్తవాడు తడబడును: చక్రము ఒక చుట్టు తిరిగినపుడు షాఫ్టు రెండు చుట్లకు కొంచెము మించి మాత్రమే తిరుగును. రెండవ చక్రము నేలపై నిలిచియున్నందున, నడుమనున్న డిఫరెన్షియలు అను అమరిక భ్రమణమును సగము చేయుచున్నది; కావున చక్రమును రెండు చుట్లు త్రిప్పి షాఫ్టు చుట్లు లెక్కించిన సరియైన అంకె వచ్చును. నాలుగు దాటి పదవవంతు వచ్చినచో 4.1, అయిదుకు రవ్వంత తక్కువైనచో 4.88.

పళ్ల సంఖ్యలు 40కి 10 అని గుండ్రముగా ఉండక 41కి 10, 39కి 8, 43కి 8 అని వికటముగా ఉండుట యాదృచ్ఛికము కాదు. 40కి 10 అయినచో పినియనులోని ప్రతి పన్ను ఎల్లప్పుడును క్రౌనులోని అవే నాలుగు పళ్లను కలిసికొనును. ఒక పన్నులో లోపమున్నచో ఆ నాలుగింటిని మాత్రము నిత్యము కొరుకుచుండును. 41 ప్రధానసంఖ్య, ఒకటితోను తనతోను తప్ప వేరు దేనితోను భాగింపబడదు, కావున ప్రతి పన్నును ప్రతి పన్నుతో వంతువారీగా కలిసికొని, అరుగుదల అంతట సమముగా పంచబడును. మన లారీలలో కానవచ్చు 41కి 7, 41కి 6 అను జతలును ఈ న్యాయమునకు లోబడినవే. అంకె పెరిగినకొలది పినియను చిన్నదగుననియు, అదే హౌసింగులో చిన్న పినియను పన్ను మీద భారము హెచ్చుననియు మరువరాదు. పెద్ద నిష్పత్తికి పెద్ద హౌసింగు తోడు కావలెను.

ఇరుసు మార్పించుకొనదలచినవానికి కొన్ని మాటలు. క్రౌనును పినియనును తయారుచేయుచోటనే ఒకదానితోనొకటి ఒరిపిడి పెట్టి జతపరచెదరు. అందుచేత ఒకటి చెడినదని పాత బండినుండి ఒంటి పినియను తెచ్చి బిగించినచో, నెలలోపుననే ఊళయు, పిదప ముక్కలును తప్పవు. నాలుగు చక్రములకును శక్తి పోవు బండిలో ముందు ఇరుసును కూడ అదే నిష్పత్తికి మార్చవలెను, లేనియెడల గట్టినేలపై రెండు ఇరుసులు ఒకదానితోనొకటి పెనుగులాడును. పినియను అక్షము క్రౌను మధ్యకంటె దిగువగా నుండు హైపాయిడు పళ్లు దొర్లుటతోపాటు జారుచును ఉండును గనుక, వీటికి ఒత్తిడిని ఓర్చు ప్రత్యేకమైన గేరు ఆయిలే పోయవలెను. చవుకగా దొరికిన సాధారణమైన ఆయిలు పళ్ల నడుమనుండి తొలగిపోయి లోహము లోహమును తాకును. కొత్త జతను బిగించిన తరువాత మొదటి ఎనిమిదివందల కిలోమీటర్ల వరకు ట్రైలరు తగిలించరాదు. మొదటి కొద్ది మైళ్లు పోయినంతనే బండిని ఆపి హౌసింగును చల్లారనిచ్చి, మరల మెల్లగా నడపి, ఆ గడువు ముగిసినంతనే నూనెను పూర్తిగా దింపి మార్చవలెను. దింపిన నూనెలో వెండిపొడి వంటి సన్నని రజను కనబడినచో అది కొత్త పళ్లు ఒరసికొన్న గుర్తు, భయపడనక్కరలేదు. వ్రేళ్లకు తగులు పొలుసులు కనబడినచో ట్రైలరును యార్డులోనే విడిచి బండిని షెడ్డుకు మరలింపవలెను.